తెల్లరంగు కింద నాన్నగారి నీలం

బండి రంగుల గురించి పాఠకుల ప్రశ్నలకు, విజయనగరంలో నలభై ఏళ్లుగా స్ప్రే గన్ పట్టిన పెయింటరు జవాబులు

ప్రశ్న: అన్నగారూ, మా నాన్నగారు టెక్కలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేశారు. 1993లో లేత నీలం మారుతి 800 కొన్నారు. 2006లో మా చెల్లి పెళ్లికి బండి కొత్తగా కనబడాలని మా చిన్నాన్న దానికి తెల్లరంగు కొట్టించారు. నాన్నగారు ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత బండి తుడవడం మానేశారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు బానెట్ మీద తెలుపు పెచ్చులుగా లేస్తోంది, కింద ఆ నీలం కనబడుతోంది. ఇక్కడి పెయింటర్ని పిలిస్తే ‘మొత్తం రేకు దాకా గీకేసి కొత్త నీలం కొట్టేద్దామమ్మా’ అన్నాడు. నాకు కొత్త నీలం వద్దు. నాన్నగారు రోజూ పొద్దున్నే తుడిచిన ఆ నీలమే కావాలి. పైనున్న తెలుపు ఒక్కటే తీయడం అవుతుందా? మా ఆయన ఇది పిచ్చి అంటున్నారు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, పిచ్చేమీ కాదు. అయితే అవుతుందనో అవదనో ఒక్క ముక్కలో చెప్పలేను. బానెట్‌కి ఒక జవాబు, తలుపులకి ఇంకొకటి, చక్రాల పైన రేకుకి మరొకటి. మీ పెయింటరు గీకేద్దాం అనడంలో తప్పు లేదు. రేకు దాకా గీకి కొత్తది కొట్టడం అతనికి లెక్క తేలిన పని. మీరు అడిగింది వేరు. ఉల్లిపాయ పైపొర ఒక్కటీ ఒలవాలి, కింది పొరకి గోరు తగలకూడదు.

ముందు ఆ తెలుపు ఏ జాతిదో తేలాలి. మనవైపు కారుకి ఏ రంగు కొట్టినా డ్యూకో అనేస్తాం. అసలు డ్యూకో అన్నది డ్యూపాంట్ కంపెనీవాళ్ల నైట్రోసెల్యులోజ్ రంగు పేరు. 1923లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఓక్లాండ్ అనే కార్లకి దాన్ని మొదట వాడారు. అంతకుముందు ఒక్కో బండికి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. ఆ మొదటి కార్ల రంగు కూడా నీలమే. మీ ఉత్తరం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

ఈ జాతి రంగుని షెడ్డుల్లో ఎన్‌సీ అంటాం. అందులోని థిన్నర్ గాలికి ఎగిరిపోతే రంగు ఆరినట్టు లెక్క, అంతకు మించి లోపల ఏమీ జరగదు. అందుకే పాతికేళ్ల తర్వాత థిన్నర్ గుడ్డ పెట్టినా మళ్లీ కరిగి గుడ్డకి అంటుకుంటుంది. ఫ్యాక్టరీ రంగు అలా కాదు. సీట్లు, రబ్బర్లు, వైర్లు, అద్దాలు ఏవీ బిగించకముందే ఉత్త రేకు బాడీకి రంగు కొట్టి, సుమారు 120 నుంచి 150 డిగ్రీల ఓవెన్లో కాలుస్తారు. ఆ వేడికి రంగులోని జిగురంతా ఒకదానితో ఒకటి అల్లుకుపోతుంది. పచ్చి కుండకీ ఆవంలో కాలిన కుండకీ ఎంత తేడానో, ఇదీ అంతే. పచ్చిది నీళ్లలో పెడితే మళ్లీ మట్టవుతుంది. కాలింది ఆ నీళ్లనే మోస్తుంది. తయారైపోయిన బండికి ఊళ్లో ఏ షెడ్డువాడూ అంత వేడి పెట్టలేడు. పెడితే డాష్‌బోర్డూ రబ్బర్లూ కరిగి కిందికి జారతాయి. రంగు కొట్టడానికి మంచి బూత్ (మూసిన గది) ఉన్నచోట కూడా అరవై డిగ్రీల దగ్గర ఆపేస్తారు. మీ పని మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది.

2006 నాటికి మనవైపు పీయూ (పాలీయురెథేన్) రంగు కూడా వచ్చేసింది. అందులో హార్డెనర్ కలుపుతారు. అది ఓవెన్ లేకుండానే దాదాపు ఫ్యాక్టరీ రంగంత గట్టిపడుతుంది, థిన్నర్‌కి కరగదు. మీ తెలుపు పీయూ అయితే కథ మారిపోతుంది.

తెలుసుకోవడం సులువే. డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడండి. అక్కడ తెలుపు పడని నీలం చోటు ఒకటి దొరుకుతుంది. తెల్ల నూలుగుడ్డని ఎన్‌సీ థిన్నర్లో తడిపి ఆ నీలం మీద ఇరవైసార్లు రుద్దండి. గుడ్డకి లీలగా నీలం అంటినా, రంగు మెత్తబడకుండా గోరు దిగకుండా ఉంటే అది కాలిన రంగే. తర్వాత అదే గుడ్డతో బానెట్ అంచున ఉన్న తెలుపు మీద రుద్దండి. పది రుద్దుళ్లకే గుడ్డ పాలలో ముంచినట్టయితే ఎన్‌సీ. రంగు ముడతలు పడి ఉబ్బి లేస్తే గాలికి ఆరే మామూలు ఎనామిల్, అది కూడా మీకు మంచిదే. ఏమీ కాకుండా మెరుస్తూనే ఉంటే పీయూ.

పెచ్చులుగా లేస్తోందన్నారు కాబట్టి నాకు ఆశగానే ఉంది. పాత రంగుని వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) బాగా రుద్ది గరుకు చేస్తేనే పైరంగు దాన్ని పట్టుకుంటుంది. మీ చిన్నాన్నగారిది పెళ్లి తొందర, ఆ పెయింటరు పైపైన రుద్ది కొట్టేసి ఉంటాడు. పెళ్లి గనక వానల రోజుల్లో అయితే ఇంకో మాట కూడా ఉంది. ఉక్కపోతలో ఎన్‌సీ కొడితే, థిన్నర్ ఎగిరేటప్పుడు రేకు చల్లబడి గాలిలోని చెమ్మ రంగు మీద పేరుకుంటుంది. రంగు పాలిపోయి తెల్లబారుతుంది. నల్ల బండి మీదైతే ఆ మచ్చ అరమైలు దూరం నుంచి కనబడుతుంది. తెల్ల బండి మీద ఎవరికీ తెలియదు, రంగు మాత్రం లోపల బలహీనంగానే ఉండిపోతుంది. ఏ బద్ధకపు పెయింటరో చేసిన ఆ పని ఇన్నేళ్లకి మీకు ఉపకారమైంది. మా గురువుగారిలాంటి మనిషి రుద్ది కొట్టి ఉంటే ఇవాళ మీకు ‘వద్దమ్మా’ అని ఒకే మాట రాసేవాణ్ణి.

ఇక పని. బండిని చెట్టు నీడలో గాలి ఆడేచోట పెట్టండి. మూసిన గ్యారేజీలో వద్దే వద్దు, థిన్నర్ ఆవిరికి తల తిరుగుతుంది, నిప్పురవ్వ చాలు అంటుకుంటుంది. పని చేసేవాడి జేబులో బీడీకట్ట ఉంటే ముందు అది మీరు తీసి దాచేయండి. వెనక లైట్ల అద్దాలు, నల్ల ప్లాస్టిక్ బంపర్లు, కిటికీ రబ్బర్లు థిన్నర్ తగిలితే పాడైపోతాయి. వీలైనవి ఊడదీయండి, లేనివాటికి మాస్కింగ్ టేపూ దాని మీద కవరూ.

పెచ్చులు లేచినచోట మొదట ప్లాస్టిక్ పట్టీతో, ఎండకి రేకు కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు, అంచు కింద నుంచి నెట్టండి. బానెట్ మీద అరచేతులంత పెచ్చులు వచ్చేస్తాయి. అది చూస్తే ఆనందమేస్తుంది, చెయ్యి ఆగదు. అక్కడే జాగ్రత్త. రానిచోట బలవంతం చేయకండి. అక్కడ థిన్నర్లో తడిపిన గుడ్డని జానెడు మేర పరచండి, అర నిమిషం ఆగండి, ఒకే దిక్కుకి ఒక్కసారి తుడవండి. గుడ్డ మడత మార్చండి. మళ్లీ. ముందు తెలుపు వస్తుంది, తర్వాత బూడిదరంగు వస్తుంది, అది ఆ పెయింటరు మధ్యలో వేసిన ప్రైమర్. ఆ తర్వాత గుడ్డకి కొంచెం నీలం తగలగానే ఆ చోటు వదిలి పక్కకి జరగండి. గుండ్రంగా రుద్దొద్దు, తెల్లటి బురదని మీరే మళ్లీ నీలంలోకి పులిమినట్టవుతుంది.

మిగిలిన సన్నటి మరకలకి 1000 నంబరు వాటర్ పేపర్, మెత్తటి రబ్బరు దిమ్మకి చుట్టి, సబ్బునీళ్లతో. నంబరు తగ్గేకొద్దీ పేపర్ గరుకు. పొడిగా రుద్దొద్దు, పాత రంగుల పొడిలో సీసం కూడా ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తర్వాత 1500, 2000, ఆపైన కాంపౌండ్, పాలిష్.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 1997లో ఒక డాక్టరుగారి పద్మినీ కారుకి ఇదే పని ఒప్పుకున్నాను. బానెట్ మధ్యలో నిలువుగా ఒక గీర ఉంటుంది చూడండి, దాని మీదుగా 220 పేపర్ లాగేశాను. సాయంత్రానికి పని అయిపోవాలని. నాలుగు లాగుళ్లకి ఆ గీర పొడుగునా ప్రైమర్ బయటపడింది, బీరకాయ ఈనెలు గీకినట్టు. డాక్టరుగారు ఏమీ అనలేదు. ‘ఇంత సన్నగా ఉంటుందా?’ అని అడిగారంతే. ఉంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫ్యాక్టరీ రంగు అడుగు ప్రైమర్‌తో కలిపి మొత్తం 100 నుంచి 130 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకలు కూడా కాదు. అందులో మీకు కావలసిన నీలం ముప్ఫై నలభై. అంచుల మీదా గీరల మీదా అది ఇంకా సన్నం. మా గురువుగారు అప్పటికి ఎన్నిసార్లు చెప్పారో, ‘అంచు మీద సెయ్యెట్టకు బావూ, వొగ్గీ’ అని. ఇప్పుడు నేను గీరలన్నిటికీ ముందే టేపు అంటించి, చుట్టూ పని అయ్యాక టేపు తీసి, వాటిని థిన్నర్ గుడ్డతో మాత్రమే తుడుస్తాను. పేపర్ పెట్టను.

మీ బండిలో ఎక్కడెక్కడ నీలం దొరకదో కూడా చెబుతాను. సొట్టలు తీసి పుట్టీ పెట్టినచోట దొరకదు. టింకరింగ్ చేసినప్పుడే అక్కడి పాత రంగు గ్రైండర్‌కి పోయింది. చిన్న ఫ్రిజ్ అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బండంతా తాకించి చూడండి, గట్టిగా పట్టుకోకుండా జారిపోయినచోట పుట్టీ ఉన్నట్టు. అక్కడ తెలుపు తీయకండి, అలాగే ఉంచి తర్వాత దాని మీద నీలం కొట్టించండి. ఇంక చక్రాల పైన, తలుపుల అడుగున ఉబ్బుగా కనబడితే అది తుప్పు. టెక్కలికి భావనపాడు సముద్రం ఎంత దూరం? ముప్ఫై ఏళ్లు ఆ ఉప్పుగాలి పీల్చిన బండి అది. తుప్పు ఉన్నచోట పాత రంగు మీద మమకారం పెట్టుకోవద్దు, రేకు తెల్లగా వచ్చేదాకా గీకి ఎపాక్సీ ప్రైమర్ వేయించండి.

అలా కొత్తగా కొట్టాల్సిన చోట్లకి నీలం కలపడం ఒక పెద్ద తతంగం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సోంపేట వైపు ఒక 800 మీద కొబ్బరిచెట్టు పడింది. టాప్ మార్చాల్సి వచ్చింది, మిగతా రంగు మాత్రం పాతదే ఉంచమన్నారు. నేను తొందరపడి, పాలిష్ పెట్టకముందే తలుపు రంగు చూసి టాప్‌కి రంగు కలిపించాను. ఆ తర్వాత పాలిష్ పడితే తలుపులు ఒక ఛాయ ముదిరాయి, టాప్ వెలవెలబోయింది. మళ్లీ కొట్టాల్సి వచ్చింది, ఖర్చు నాదే. అందుకని ముందు బండంతా పాలిష్ అవ్వాలి, తర్వాత పెట్రోలు మూత మీది చిన్న తలుపు విప్పి దాన్నే రంగులు కలిపే షాపుకి పట్టుకెళ్లాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే పనికిరాదు.

పాలిష్‌కి ఏ గుడ్డ అని చాలామంది అడుగుతుంటారు. మైక్రోఫైబర్ బాగుంటుంది. నేను మాత్రం మా నాన్న కట్టి కట్టి మెత్తబడ్డ పొందూరు పంచె ముక్కలు ఏళ్ల తరబడి వాడాను. ఇది ఖద్దరు భండార్ వాళ్లు చదవకూడదని దండం పెడుతున్నాను.

ఎంతకాలం పడుతుందంటే, ఇద్దరు మనుషులు ఓపిగ్గా చేస్తే పది పన్నెండు రోజులు. డబ్బు ముందే మాట్లాడుకోండి, రోజుకూలి లెక్కన. గుత్తకి ఇస్తే మాత్రం పేపర్ నంబరు తగ్గిపోతుంది, చెయ్యి బరువెక్కుతుంది. వచ్చిన నీలం కూడా షోరూమ్ నీలంలా ఉంటుందనుకోకండి. 2006లో రుద్దిన గీతలు కొన్ని నీలంలోనే దిగి ఉంటాయి. 400 పేపర్ గీతలైతే పాలిష్‌కి చాలావరకు పోతాయి, 180తో రుద్ది ఉంటే ఉండిపోతాయి. ఎండకి పడితే సాలెగూడులా కనబడతాయి. అవి తీసేయాలని చూస్తే నీలమే పోతుంది. నన్నడిగితే వాటిని అలాగే ఉంచమంటాను.

ఇంకో సంగతి. ఆర్సీ తీసి రంగు ఏమని రాసి ఉందో చూడండి. చిన్నాన్నగారు రవాణా శాఖకి చెప్పకుండా తెలుపు కొట్టించి ఉంటే ఆర్సీలో ఇంకా నీలమే ఉంటుంది, మీ పని అయ్యాక బండీ కాగితమూ మళ్లీ ఒకటవుతాయి. తెలుపని మార్పించి ఉంటే మాత్రం మళ్లీ నీలానికి మార్పించాలి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి తీసుకెళ్లక తప్పదు, అక్కడ రంగు తేడా వస్తే అనవసరంగా తిప్పుతారు.

రేపే మొదలుపెట్టొద్దు. ఈ వారం డిక్కీ మ్యాట్ కింద ఆ గుడ్డ పరీక్ష ఒక్కటీ చేసి, గుడ్డ ఏ రంగులో వచ్చిందో నాకు రాయండి.

ప్రశ్న: 2012 మోడల్ సిల్వర్ కలర్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎడమవైపు రెండు తలుపులకి మళ్లీ రంగు కొట్టినట్టు తర్వాత తెలిసింది, ఎండలో ఛాయ తేడా కొడుతోంది. పైరంగు తీసేస్తే కంపెనీ రంగు వస్తుందా? దీని గురించి చాలా టెన్షన్‌గా ఉంది.
– బొబ్బిలి నుంచి ఒక యువకుడు

జవాబు: తమ్ముడూ, వదిలేయ్. పై ఉత్తరంలో అమ్మగారి బండిది మామూలు ఒంటిపొర రంగు, పైనుంచి కిందిదాకా నీలమే. నీది మెటాలిక్. కింద వెండిలా మెరిసే రజను ఉన్న రంగు చాలా పల్చగా ఉంటుంది, దాని మీద గాజులాంటి క్లియర్ పొర. తలుపులకి కొట్టినవాడు పట్టు కోసం ఆ క్లియర్‌నే రుద్ది ఉంటాడు. నువ్వు పైనున్న పీయూని పేపర్‌తో దింపుకుంటూ పోతే క్లియర్ ఎక్కడ అయిందో, వెండి ఎక్కడ మొదలైందో కంటికి తెలిసేలోపే వెండి పోతుంది. వెండి మీద పేపర్ పడితే పాలిష్‌తో అది తిరిగి రాదు.

పైగా రెండు తలుపులకీ రంగు పడిందంటే లోపల దెబ్బ తగిలిందేమో ముందు అది చూడు. రంగు మందం కొలిచే మీటరు కొన్ని షెడ్డుల్లో ఉంటుంది. 100, 130 మైక్రాన్లు అలా చూపిస్తే కంపెనీ రంగు. 250 దగ్గర ఉంటే రంగు మీద రంగు. 800, వెయ్యి చూపిస్తే పుట్టీ, అంటే కింద వెతకడానికి కంపెనీ రంగే లేదు. తలుపు సందులో బీడింగ్ రబ్బరు అంచున సన్నగా సిల్వర్ చినుకులు పడి ఉన్నాయేమో కూడా చూడు. కంపెనీలో రబ్బరు బిగించేది రంగు అయ్యాక కదా, అక్కడ చినుకు పడే వీలే లేదు. ఛాయ తేడా మాత్రమే బాధ అయితే, మంచి చేతికి ఇచ్చి ఆ రెండు తలుపులకీ మళ్లీ కలిపి కొట్టించి, పక్క రేకుల్లోకి రంగు కొంచెం కొంచెంగా పలచబరచమను. టెన్షన్ పడేంత విషయం కాదు.

ప్రశ్న: మా తాతగారి అంబాసిడర్ బానెట్ మీద పాత రంగు పోవడానికి హార్డ్‌వేర్ షాపులో పెయింట్ రిమూవర్ కొని పూశాను. గంటలో రేకు దాకా వచ్చేసింది. కింద ఉండాల్సిన ఒరిజినల్ నలుపు కూడా పోయింది. ఇప్పుడేం చేయాలి?
– రణస్థలం

జవాబు: రిమూవర్‌కి మీ తాతగారి రంగు, పైవాడి రంగు అనే తేడా తెలియదు బాబూ. ఓవెన్లో కాలినదాన్ని కూడా ఉబ్బించి లేపడానికే దాన్ని తయారుచేస్తారు. చాలావాటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, మూసిన గదిలో పీలిస్తే ప్రాణానికే ముప్పు. గదిలో పూశావో ఆరుబయట పూశావో రాయలేదు. మిగిలిన డబ్బా ఉంటే మూత బిగించి పిల్లలకి అందనిచోట పెట్టు.

పోయిన నలుపు తిరిగి రాదు. ఉన్న రేకుని కాపాడుకోవాలి. బానెట్‌ని నీళ్లతో రెండుమూడుసార్లు బాగా కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టు. అంచుల మడతల్లో, కమ్మీల సందుల్లో రిమూవర్ దాక్కుని ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో అక్కడ కూడా కడుగు. అది మిగిలితే ఆరునెలల తర్వాత కొత్త రంగుని లోపల నుంచి లేపుతుంది. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టించు. రేపు చూద్దాం అనుకుంటే రణస్థలం గాలికి తెల్లారేసరికి రేకు మీద కాషాయం పొడి కనబడుతుంది. డిక్కీ మీదా తలుపుల మీదా ఇంకా రిమూవర్ పూయలేదు కదా? అక్కడ పై ఉత్తరంలో చెప్పిన థిన్నర్ గుడ్డ పరీక్ష చేసి చూడు, నలుపు ఉండే ఉంటుంది.